పేరును ఆపే పట్టిక: సైబరాబాద్ నేపథ్యంలో డొమైన్ వడపోత నమోదుల చరిత్ర

వ్యాససంగ్రహం:
అంతర్జాలంలో ఒక వెబ్‌సైటును పాఠకుడు చేరకుండా ఆపడానికి దాని డొమైన్ పేరును ఒక నిరాకరణ పట్టికలో చేర్చడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఒకప్పుడు సిబ్బంది ఒక్కొక్క పేరునూ చేత్తో చేర్చిన ఈ పట్టికలను ఇప్పుడు వెబ్ ఏపీఐల సాయంతో వేల సంఖ్యలో, ఒకే ఆదేశంతో మార్చగలుగుతున్నారు. ఈ మార్పు క్రమాన్ని హైదరాబాదులోని హైటెక్ సిటీ, సైబరాబాద్ పరిసరాలతో ముడిపడిన సంఘటనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి, పాఠభేదం, పుష్పిక అనే పాఠపరిష్కరణ భావనలను విశ్లేషణకు ఉపయోగిస్తుంది. పట్టిక నిర్వహణలో వేగం పెరిగిన కొద్దీ నమోదు నుంచి కారణం దూరమైందని, దాన్ని నమోదులోనే నిలిపే వీలు చట్టంలోనూ సాంకేతిక ప్రమాణాలలోనూ ఇప్పటికే ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డొమైన్ పేరు, వడపోత, వెబ్ ఏపీఐ, నిషేధం, సైబరాబాద్, పుష్పిక, పైరసీ.

1. ఉపోద్ఘాతం

నిషేధాన్ని గురించిన చర్చ తెలుగు సాహిత్య చరిత్రకు కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవలను మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించడం, 1928లో మార్పులతో అనుమతించడం, 1936లో మళ్లీ నిషేధించడం, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక ఆ నిషేధం తొలగిపోవడం సాహిత్య విద్యార్థులందరికీ తెలిసినదే. ఈ చరిత్రను మనం తేదీలతో సహా చెప్పగలుగుతున్నామంటే అందుకు కారణం నిషేధానికి ఒక ఉత్తర్వు, ఆ ఉత్తర్వుకు ఒక తేదీ, దానిమీద బహిరంగ చర్చ ఉండటమే. నిషేధించినవారు తమకు తెలియకుండానే నిషేధ చరిత్రకు ఆధారాలను మిగిల్చారు.

డొమైన్ వడపోత విషయంలో ఈ స్థితి లేదు. ఒక వెబ్‌సైటు తెరుచుకోనప్పుడు అది మూతపడిందో, సాంకేతిక లోపం వల్ల రాలేదో, ఎవరైనా ఆపారో సామాన్య పాఠకుడికి తెలియదు. ఆపిన పక్షంలో ఎవరు, ఏ ఉత్తర్వుతో, ఎంతకాలానికి ఆపారన్నది అంతకన్నా తెలియదు. రేపటి పరిశోధకుడు నేటి నిషేధాల చరిత్రను రాయదలిస్తే అతనికి దొరికే మూలాధారం ఏమిటన్నదే ఈ వ్యాసానికి ప్రేరణ. అందుకోసం వడపోత పట్టికను ఒక రాతప్రతిగా భావించి, అది ఎలా తయారవుతుంది, ఎలా నకలవుతుంది, దానిలో తప్పులు ఎలా వ్యాపిస్తాయి అన్న అంశాలను క్రమంగా పరిశీలిద్దాం.

2. పేర్ల పట్టిక నుంచి నిరాకరణ పట్టిక దాకా

అంతర్జాలానికి ముందున్న ఆర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే దస్త్రంలో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వంలోని కేంద్రం ఆ దస్త్రాన్ని నిర్వహించేది. మిగిలినవారు దాని నకలును తెచ్చుకునేవారు. యంత్రాల సంఖ్య పెరగడంతో ఈ పద్ధతి నిలవలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ ప్రతిపాదించిన డొమైన్ నేమ్ సిస్టమ్, అంటే డీఎన్‌ఎస్, పేర్ల నిర్వహణను అనేక సర్వర్లకు పంచింది. 1987 నవంబరులో వెలువడిన ప్రమాణ పత్రాలతో అది నేటి రూపానికి వచ్చింది.

మనం ఒక వెబ్‌సైటు పేరు టైపు చేసినప్పుడు ముందుగా డీఎన్‌ఎస్ సర్వరు ఆ పేరుకు సరిపోయే అంకెల చిరునామాను చెబుతుంది. ఆ తర్వాతే మన యంత్రం అక్కడికి వెళుతుంది. వడపోతకు అనువైన చోటు ఇదే. సర్వరు చిరునామా చెప్పకపోయినా, ఆ పేరే లేదని చెప్పినా, వేరే చిరునామా చెప్పినా పాఠకుడి ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

ఈ నిరాకరణ మొదట రాజ్యం చేతి పనిముట్టు కాదు. అయాచిత ఈమెయిళ్ల బెడద నుంచి అది పుట్టింది. 1997లో పాల్ విక్సీ తదితరులు అలాంటి మెయిళ్లు పంపే చిరునామాల జాబితాను డీఎన్‌ఎస్ ద్వారానే పంచడం మొదలుపెట్టారు. 2010లో విక్సీ, ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్షియం కలిసి ‘రెస్పాన్స్ పాలసీ జోన్’ అనే పద్ధతిని ప్రవేశపెట్టారు. దీనితో నిరాకరించవలసిన పేర్ల పట్టికను ఒక చోట తయారుచేసి, చందాదారులైన సర్వర్లన్నింటికీ తనంతట తానే చేరేలా చేయడం సాధ్యమైంది. పేర్లను అందరికీ చేర్చడానికి ఒకప్పుడు వాడిన ‘ఒకే దస్త్రం, అనేక నకళ్లు’ పద్ధతి, ఇప్పుడు పేర్లను దాచడానికి తిరిగి వచ్చిందన్నమాట.

3. సైబరాబాద్ నేపథ్యం

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అదే నెలలో ప్రైవేటు సంస్థలు అంతర్జాల సేవలు అందించేందుకు కేంద్రం అనుమతించింది. అంతవరకు 1995 ఆగస్టు 15 నుంచి వీఎస్‌ఎన్‌ఎల్ ఒక్కటే ఇచ్చిన సేవ అనేక సంస్థల చేతికి వచ్చింది. ప్రైవేటు రంగంలో తొలి సేవాసంస్థగా నిలిచిన సత్యం ఇన్ఫోవే, హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ. సేవాసంస్థలు పెరగడమంటే వడపోత పట్టికను రాసుకునే చేతులూ పెరగడమే; దీని ఫలితాన్ని తర్వాతి విభాగంలో చూస్తాం.

ఈ ప్రాంతానికీ డొమైన్ వడపోతకూ ప్రత్యక్ష సంబంధం 2016లో ఏర్పడింది. ఆ ఏడాది జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మేధాసంపత్తి నేరాల విభాగాన్ని ప్రారంభించింది. టిప్‌క్యూ అనే పొట్టి పేరుతో ప్రసిద్ధమైన ఈ విభాగం దేశంలో ఆ తరహాలో మొదటిది. లండన్ నగర పోలీసులు 2013లో నెలకొల్పిన విభాగం దీనికి నమూనా. తెలుగు చలనచిత్ర పరిశ్రమ దీనికి అండగా నిలిచింది. పరిశ్రమ ఆందోళనకు బలమైన కారణమే ఉంది. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రం థియేటర్లకు చేరకముందే బయటికి పొక్కడం అందరినీ కలవరపెట్టింది. నకళ్లు పంచే వెబ్‌సైట్లను గుర్తించడం, వాటికి ప్రకటనల ఆదాయం అందకుండా చేయడం, డొమైన్ పేర్లను నిలిపివేయించడం ఈ కొత్త వ్యూహంలోని అంగాలు. వీటన్నింటికీ మూలం ఒక జాబితా.

ఆ సంవత్సరమే నవంబరు 3 నుంచి 9 దాకా హైటెక్ సిటీ సమీపంలోని అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో ఐకాన్ సంస్థ 57వ సమావేశం జరిగింది. ప్రపంచంలోని డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచే సంస్థ ఇది. అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ఒప్పందం 2016 అక్టోబరు 1తో ముగిశాక జరిగిన తొలి సమావేశం హైదరాబాదుదే. ఆ మార్పుతోపాటు అమలులోకి వచ్చిన నియమావళి, వెబ్‌సైట్లలోని విషయాన్ని నియంత్రించడం ఐకాన్ పని కాదని స్పష్టం చేసింది. అయితే హైదరాబాదులో సమావేశమైన ప్రభుత్వాల సలహా సంఘం తన ప్రకటనకు ఒక అనుబంధం చేర్చి, డొమైన్ పేర్ల దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఏం చేస్తున్నారని ఐకాన్ పాలకమండలిని ప్రశ్నించింది. పేర్లు పంచే వ్యవస్థ పేర్లను ఎంతవరకు ఆపాలన్న ప్రపంచ చర్చలో ‘హైదరాబాదు ప్రకటన’ ఇలా ఒక ప్రస్థానబిందువు అయింది. ఒకే సంవత్సరంలో ఒకే నగరంలో ఒకవైపు స్థానిక సినిమా పరిశ్రమ, మరోవైపు ప్రపంచ ప్రభుత్వాలు ఒకే ప్రశ్నను లేవనెత్తడం గమనార్హం.

4. చేతిరాత దశ: పాఠభేదాల కాలం

భారతదేశంలో వడపోత తొలి దశను చేతిరాత దశ అనవచ్చు. ప్రభుత్వమో న్యాయస్థానమో ఉత్తర్వు ఇస్తుంది; సేవాసంస్థలోని సిబ్బంది దాన్ని చదివి తమ సర్వర్లలో పేర్లు చేరుస్తారు. లేఖకుడి చేతిలో మూలం మారినట్టే ఇక్కడా మారింది.

2003 సెప్టెంబరులో మేఘాలయకు చెందిన ఒక నిషిద్ధ సంస్థతో ముడిపడిన ‘కిన్‌హున్’ అనే చిన్న చర్చాబృందాన్ని ఆపమని ఉత్తర్వు వచ్చింది. సేవాసంస్థలు యాహూ గ్రూప్స్ మొత్తాన్నీ ఆపేశాయి. 2006 జులైలో ముంబై రైలు పేలుళ్ల తర్వాత కొన్ని పుటలను ఆపమంటే బ్లాగ్‌స్పాట్ అంతా తెరుచుకోకుండా పోయింది. 2012లో ‘3’ అనే తమిళ చిత్రం నిర్మాతలకు మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఆధారంగా విమియో వంటి సైట్లు పూర్తిగా నిలిచిపోయాయి. నిర్దిష్టమైన పుటల చిరునామాలను మాత్రమే ఆపాలని ఆ న్యాయస్థానం జూన్‌లో వివరణ ఇవ్వవలసి వచ్చింది. 2014 డిసెంబరులో 32 చిరునామాలను ఆపిన జాబితాలో గిట్‌హబ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉన్నాయి. ప్రోగ్రామర్ల పనికి గిట్‌హబ్, పాత పుస్తకాల పరిశోధకులకు ఇంటర్నెట్ ఆర్కైవ్ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ ఒకే లోపం కనిపిస్తుంది. ఉత్తర్వు ఒక పుటను గురించినది. పట్టికలో చేరింది డొమైన్ పేరు. ఒక పుస్తకంలో ఒక పుట అభ్యంతరకరమైతే గ్రంథాలయానికి తాళం వేయడం లాంటిదిది. డీఎన్‌ఎస్‌కు పుటలు కనిపించవు, పేరు మాత్రమే కనిపిస్తుంది గనుక ఆ స్థాయిలో ఆపినప్పుడు ఇది తప్పదు.

రెండో లక్షణం పాఠభేదం. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీకి చెందిన పరిశోధకులు 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, దేశంలోని ప్రధాన సేవాసంస్థలు ఆపుతున్న సైట్ల జాబితాలు ఒకదానితో ఒకటి సరిపోలడం లేదు. ఒకరి దగ్గర ఆగిన పేరు మరొకరి దగ్గర తెరుచుకుంటుంది. మూలప్రతి దొరకని కావ్యానికి ఊరికొక పాఠం ఉన్నట్టు, బహిరంగమైన మూల జాబితా లేని ఈ పట్టికకు సంస్థకొక పాఠం ఉంది. పౌరుడికి ఇది అన్యాయమే. అయితే దీనిలో ఒక ఆకస్మిక రక్షణ కూడా ఉంది. ఒక లేఖకుడి తప్పు అతని ప్రతికే పరిమితమవుతుంది. మరో ప్రతితో పోల్చినప్పుడు తప్పు బయటపడుతుంది.

5. ఏపీఐ దశ: టోకు నిర్వహణ

రెండు ప్రోగ్రాములు మనిషి ప్రమేయం లేకుండా మాట్లాడుకోవడానికి ఏర్పరచిన ఒప్పందమే ఏపీఐ. వెబ్ భాషలోనే ఆ సంభాషణ సాగితే అది వెబ్ ఏపీఐ. 2000లో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధన గ్రంథంలో ప్రతిపాదించిన ‘రెస్ట్’ శైలి దీనికి సైద్ధాంతిక ఆధారమైంది. చదవడానికి ‘గెట్’, కొత్తది చేర్చడానికి ‘పోస్ట్’, ఉన్నదాని స్థానంలో మరొకటి పెట్టడానికి ‘పుట్’, కొంతభాగం మార్చడానికి ‘ప్యాచ్’, తొలగించడానికి ‘డిలీట్’ అనే క్రియలు ఇందులో వాడతారు. పరిమితమైన ధాతువులతో సాగే చిన్న వ్యాకరణమిది.

సైబరాబాద్ కార్యాలయాలలో నెట్‌వర్క్ భద్రత చూసే ఇంజనీరుకు ఇది నిత్యకృత్యం. క్లౌడ్‌లో ఉన్న వడపోత సేవకు తన ఏపీఐ కీ చూపించి, వేల పేర్లున్న దస్త్రాన్ని ఒకేసారి పంపుతాడు. ఆ సేవను వాడే శాఖలన్నింటిలో, అవి మాదాపూర్‌లో ఉన్నా మరో ఖండంలో ఉన్నా, ఆ పేర్లు కొద్దిసేపటిలో ఆగిపోతాయి. మోసపు బ్యాంకు సైట్లు గంటల వ్యవధిలో పుట్టి మాయమయ్యే కాలంలో ఈ వేగం అవసరమే. చేత్తో రాసే పట్టిక వాటిని అందుకోలేదు.

అయితే ఈ వ్యాకరణంలో ఒక్క క్రియ మారితే అర్థం తలకిందులవుతుంది. పది కొత్త పేర్లను చేర్చదలచినవాడు ‘ప్యాచ్’కు బదులు ‘పుట్’ వాడితే, పాత పట్టిక అంతా పోయి ఆ పది పేర్లే మిగలవచ్చు. పెద్ద పట్టికను సర్వరు విడతలుగా ఇస్తుంది గనుక మొదటి విడతనే పూర్తి పట్టికగా భావించి దానిపై సరిచూస్తే మిగిలినవి లేనట్టే లెక్క. నిర్ణీత పరిమితిని మించి అభ్యర్థనలు పంపితే సర్వరు 429 అనే సంకేతంతో తిరస్కరిస్తుంది. ప్రోగ్రాము దాన్ని గమనించకపోతే సగం పట్టికే మారుతుంది. అందువల్లనే అనుభవజ్ఞులు మార్పుకు ముందు పాత పట్టికను భద్రపరచడం, ఉత్తుత్తి అమలుతో ఫలితం చూసుకోవడం, ఎన్నటికీ ఆపకూడని పేర్లకు విడిగా మినహాయింపు పట్టిక ఉంచడం పాటిస్తారు.

ఇటలీ అనుభవం ఈ దశకు స్పష్టమైన ఉదాహరణ. ఫుట్‌బాల్ ప్రసారాల పైరసీని అరికట్టడానికి 2023లో ఆ దేశం చేసిన చట్టం ప్రకారం, హక్కుదారులు నమోదు చేసిన పేర్లనూ చిరునామాలనూ సేవాసంస్థలు 30 నిమిషాలలో ఆపాలి. ఇందుకోసం ‘పైరసీ షీల్డ్’ అనే స్వయంచాలక వేదిక 2024 ఫిబ్రవరిలో పనిచేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాది అక్టోబరులో గూగుల్ డ్రైవ్ దస్త్రాలను అందించే డొమైన్ ఈ పట్టికలోకి చేరి, కొన్ని గంటలపాటు దేశమంతటా సామాన్యుల పనులు నిలిచిపోయాయి. చేతిరాత దశలో ఒక ప్రతిలో ఉండిపోయే తప్పు ఇప్పుడు అన్ని ప్రతులకూ ఒకేసారి చేరింది. పాఠభేదం తొలగింది, దానితోపాటు తప్పును పట్టుకునే తులనాత్మక సాధనమూ తొలగింది.

భారతదేశమూ అదే దిశలో సాగుతోంది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, ఆపిన సైటు కొత్త పేరుతో తిరిగి వస్తే హక్కుదారులు దాన్ని పాత ఉత్తర్వుకే చేర్చుకునేలా ‘చలనశీల’ నిషేధాజ్ఞ ఇచ్చింది. 2023లో ఆ రక్షణను ఇంకా సృష్టికాని చిత్రాలకూ విస్తరించింది. 2024 అక్టోబరులో కేంద్ర హోం శాఖ ప్రారంభించిన ‘సహయోగ్’ పోర్టల్, అక్రమ సమాచారం తొలగించమంటూ మధ్యవర్తి సంస్థలకు వెళ్లే నోటీసులను స్వయంచాలకం చేసింది. 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు దానిపై ఎక్స్ సంస్థ వేసిన పిటిషన్‌ను కొట్టివేసింది.

6. తెలుగు పేర్ల సమస్య

టోకు నిర్వహణలో భాషాశాస్త్ర విద్యార్థి చెప్పవలసిన మాట ఒకటుంది. కొత్త చిత్రాల నకళ్లకు పేరుమోసిన ‘ఐబొమ్మ’ వ్యవహారంలో, నిర్వాహకుడన్న ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాదు సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. సినిమాను ‘బొమ్మ’ అనడం తెలుగు వాడుక. ఇలాంటి సైట్లు చిన్నచిన్న మార్పులతో కొత్త పేర్లు పెట్టుకుంటూ తిరిగి వస్తాయి గనుక, ఒక్కొక్క పేరు బదులు ‘బొమ్మ’ అనే మాట ఉన్న పేర్లన్నింటినీ ఆపే సూత్రం రాయాలని ఇంజనీరుకు అనిపించడం సహజం. ఏపీఐలో అది ఒక్క పంక్తి. కాని ఆ పంక్తి కొండపల్లి బొమ్మలు అమ్ముకునే కళాకారుడి సైటునూ, బొమ్మల కొలువు సామగ్రి దుకాణాన్నీ, బొమ్మారెడ్డి అనే ఇంటిపేరుగల వైద్యుడి పుటనూ ఆపేస్తుంది. రోమన్ లిపిలో రాసిన తెలుగు మాటకు సందర్భం లేదు. వడపోతకు అర్థం తెలియదు.

తెలుగు లిపిలోని పేర్లకు మరో చిక్కు ఉంది. దేవనాగరిలో 2014 ఆగస్టులో ప్రారంభమైన ‘.భారత్’ తర్వాత తెలుగు లిపిలోనూ లభ్యమైంది. డీఎన్‌ఎస్ లోపల మాత్రం తెలుగు పేరు ‘ఎక్స్‌ఎన్’తో మొదలయ్యే రోమన్ అక్షరాలు, అంకెల మూటగా మారిపోతుంది. వడపోత పట్టికలో నిలిచేది ఆ మూటే. దాన్ని సరిచూసే తెలుగు మనిషి కూడా అది ఏ మాటో కంటితో చదవలేడు. తెలుగు, కన్నడ లిపులలో చూపుకు ఒకేలా ఉండే అక్షరాలుండటంతో ఒక పేరును మరొక పేరుగా భ్రమింపజేయవచ్చు. ఐకాన్ ఆధ్వర్యంలో నవబ్రాహ్మీ లిపుల నిపుణుల బృందం అగ్రస్థాయి పేర్లకు రూపొందించిన నియమాలు ఇలాంటి జంటలను లెక్కలోకి తీసుకున్నాయి. సంస్థలు నడిపే వడపోత పట్టికలకు మాత్రం ఆ నియమాలు వర్తించవు.

7. పుష్పిక లేని ప్రతి

తాళపత్ర గ్రంథం చివర లేఖకుడు రాసే పుష్పికలో ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ సంవత్సరం ఏ తిథినాడు ముగిసింది అన్న వివరాలుంటాయి. కావ్యపాఠానికి అది వెలుపలిదైనా ప్రతి విశ్వసనీయతను తేల్చేది అదే. వడపోత నమోదులో సాధారణంగా పేరు, దానిపై తీసుకోవలసిన చర్య అనే రెండు గడులే తప్పనిసరి. వ్యాఖ్యకు చోటు ఉన్నా అది ఖాళీగా ఉండవచ్చు. పుష్పిక ఐచ్ఛికమైపోయింది.

మన చట్ట సంప్రదాయం ఇందుకు భిన్నమైనది. పుస్తకాలను జప్తు చేసే అధికారమిచ్చిన 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 95వ సెక్షన్, ప్రభుత్వం తన అభిప్రాయానికి కారణాలను ప్రకటనలోనే చెప్పాలంది. దానికి ముందరి చట్టం కిందనే, కారణాలు చెప్పని జప్తు చెల్లదని 1961లో హర్నాం దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సమాచార సాంకేతిక చట్టం 69ఏ సెక్షన్ కూడా కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయమంది. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించడానికి అదీ ఒక ఆధారమే. కాని 2009 నాటి నియమాలలోని 16వ నియమం ఫిర్యాదులూ చర్యలూ గోప్యంగా ఉండాలంది. కారణం రాసి ఉంది, కాని పాఠకుడికి చేరదు. పుష్పికను విప్పి వేరే భోషాణంలో పెట్టినట్టయింది.

ఈ లోటును పూరించే ప్రయత్నాలు లేకపోలేదు. 2016 జులైలో ‘డిషూమ్’ చిత్రం విషయంలో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్, ఆపిన పుట స్థానంలో దావా సంఖ్య, చట్ట నిబంధనలు, బాధితులు సంప్రదించవలసిన వివరాలు కనిపించాలని ఆదేశించారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాలలో 451 అనే కొత్త సంకేతం చేరింది. చట్టపరమైన కారణాల వల్ల ఈ పుట అందుబాటులో లేదని దాని అర్థం. పుస్తకాలను తగలబెట్టే సమాజాన్ని చిత్రించిన రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ను స్మరిస్తూ ఆ అంకెను ఎంచుకున్నారు. డీఎన్‌ఎస్‌కు కూడా 2020 అక్టోబరులో విస్తృత దోష సంకేతాలు వచ్చాయి. సర్వరు నిర్వాహకుడే ఆపితే 15, బయటి ఆదేశం వల్ల ఆపితే 16, పాఠకుడే కోరుకున్న వడపోత అయితే 17. వాటి వెంట వివరణ వాక్యం చేర్చే వీలూ ఉంది. ఆ పేరే లేదని అబద్ధం చెప్పడానికీ, ఉంది కాని ఫలానా ఆదేశంతో ఆపామని చెప్పడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ సంకేతాలు తగ్గించగలవు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. డొమైన్ వడపోత చేతిరాత దశ నుంచి ఏపీఐ దశకు మారినప్పుడు పాఠభేదాలు తగ్గి, తప్పుల వ్యాప్తి పెరిగింది. పైరసీ, ఆర్థిక మోసాల వంటి నిజమైన నష్టాలను అడ్డుకోవడానికి ఈ వేగం అవసరమే గనుక పాత పద్ధతికి తిరిగి వెళ్లడం పరిష్కారం కాదు. చేయవలసింది నమోదుకు పుష్పికను తప్పనిసరి చేయడం. ఎవరు చేర్చారు, ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన, ఎప్పటివరకు, ఎవరికి విన్నవించుకోవాలి అనే ఐదు గడులు నిండని అభ్యర్థనను ఏపీఐ స్వీకరించకూడదు. యంత్రానికి ఇది భారం కాదు. నిర్వాహకుడికి మాత్రం జవాబుదారీతనం వస్తుంది.

సాంకేతికంగా ఇది చిన్న మార్పు, చరిత్ర రచనకు పెద్ద ఆధారం. ‘మాలపల్లి’ నిషేధాన్ని గురించి మనం రాయగలుగుతున్నది ఆనాటి ఉత్తర్వులు మిగిలినందువల్లనే. నేటి నిరాకరణ పట్టికలు ఒక్క ‘డిలీట్’ ఆదేశంతో జాడ లేకుండా పోగలవు. తొలగించిన నమోదులను కూడా తేదీలతో భద్రపరచి, నిర్ణీత కాలం తర్వాత పరిశోధకులకు అందుబాటులో ఉంచే విధానం ఏర్పడాలి. ప్రాచీన ప్రతుల సేకరణ, పరిష్కరణలలో దీర్ఘానుభవమున్న తెలుగు శాఖలు ఈ కొత్త ప్రతులను కూడా తమ పరిశోధన పరిధిలోకి తీసుకోవలసిన సమయం వచ్చింది.